కాగితానికి రెండో వైపు

దుప్పటి మడతపెట్టడం ఇద్దరి పని. ఒక్కరే మడిస్తే చుట్ట చుట్టినట్టు వస్తుంది గానీ మడత రాదు. ఈ మాట మా అమ్మది. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై నాలుగేళ్లుగా రోజుకి రెండు వందల దుప్పట్లు మడిచిన మనిషి కాబట్టి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఆ పని ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. కింద ఉతికిన దుప్పట్లు లిఫ్టులో డాబా మీదికి వెళతాయి. ఆ లిఫ్టు బట్టల బళ్లకే, మనుషులకి కాదు. మనుషులు ఇరవై రెండు మెట్లెక్కి వెళ్లాలి. పైన తీగల మీద ఆరేసి, ఆరినవి తీసి, పక్కనే ఉన్న రేకుల షెడ్డులో మడతపెడతారు. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెండు కొసలూ పట్టుకుని ఎదురెదురుగా నిలబడతారు. "పట్టు" అంటుంది ఒకామె. "దులుపు" అంటుంది రెండో ఆమె. నాలుగు చేతులూ తలల మీదికి లేచి ఒక్కసారిగా కిందికి దిగుతాయి. టప్పుమని చప్పుడవుతుంది. "రా" అనగానే ఇద్దరూ నడుచుకుంటూ దగ్గరికొచ్చి కొసలు కలుపుతారు. ఒకరు వంగి కింద వేలాడే మడతని అందుకుంటారు. మళ్లీ వెనక్కి నడుస్తారు. అలా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

అమ్మకి ఎదురుగా ఇరవై నాలుగేళ్లూ ఒకే మనిషి. లాండ్రీలో అందరూ ఆవిడని జంటక్క అంటారు. నాకు పెద్దమ్మ. రక్తసంబంధం ఏమీ లేదు, దుప్పటి సంబంధమే.

ఒక రోజు అమ్మ లాండ్రీలో తడినేల మీద జారిపడింది. ఎముక విరగలేదు గానీ కుడి మోకాలు బూరెలా ఉబ్బిపోయింది. డాక్టరు చూసి, మందులు రాసి, ఒక అచ్చు కాగితం నా చేతిలో పెట్టి "ఇందులో ఉన్నట్టు చెయ్యండి, నొప్పి తగ్గకపోతే మళ్లీ రండి" అన్నాడు.

మా ఇంట్లో కాగితమంటే చిన్న విషయం కాదు. అమ్మకి చదువు రాదు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆయనకీ సంతకం వరకే వచ్చు. ఏ కాగితం వచ్చినా పట్టుకుని పక్కింటికి పరిగెత్తి, వాళ్లకి తీరిక అయ్యేదాకా గుమ్మంలో నిలబడి చదివించుకున్న ఇల్లు మాది. నేను డిగ్రీ పాసయ్యాక ఆ నిలబడటం పోయింది. ఇప్పుడు ఒక ఆఫీసులో రికార్డుల గది నాది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యడమే నా ఉద్యోగం.

ఆ కాగితంలో పెద్ద అక్షరాలతో ఇలా ఉంది. మోకాలికి విశ్రాంతి ఇవ్వండి. వంగవద్దు. బరువులు ఎత్తవద్దు. మెట్లు ఎక్కవద్దు. నేల మీద కూర్చోవద్దు.

వెనకవైపు కూడా ఏదో అచ్చయినట్టు లీలగా కనిపించింది. ఆస్పత్రి చిరునామా, డాక్టర్ల వేళలూ అయివుంటాయనుకున్నాను. రోజూ కళ్ల ముందు ఉండాలని వంటింటి అలమర తలుపుకి అతికించాను. గంజి అమ్మే కాచి ఇచ్చింది. లాండ్రీ గంజి, ఒకసారి పట్టుకుంటే వదలదు. "ఊడిపోకుండా బాగా పుయ్యవే" అంది కూడా.

ఆ రోజు నుంచి అక్షరం పొల్లు పోకుండా నడిపించాను.

వంగొద్దన్నారు కదా అని పొయ్యి కింద ఉండే గిన్నెలన్నీ పైకి తెచ్చాను. ఎత్తొద్దన్నారు కదా అని పై అరలోని చక్కెర డబ్బా, టీపొడి డబ్బా, అన్నీ కిందికి దించాను. వంటింట్లో ఒక పొడుగాటి బల్ల వేసి, ఇంటిని మొత్తం దాని మీద పరిచేశాను. సబ్బు, దువ్వెన, మందులు, రేడియో అన్నీ నడుము ఎత్తులో, చెయ్యి చాపితే చాలు. చెప్పులకి విడిగా ఒక స్టూలు.

జంట పెద్దమ్మ ఒక ఆదివారం వచ్చి ఆ స్టూలు వంక చాలాసేపు చూసింది.

"ఇంకా నయం, నిన్నెత్తి ఆ బల్ల మీద పెట్టలేదే" అంది అమ్మతో.

"ఊరుకోవే. మా పిల్ల చదువుకున్నది. ఊరికే చేస్తుందా?" అంది అమ్మ.

పక్కింటావిడ కూడా "కూతురంటే ఇలా ఉండాలమ్మా" అని నా ముందే అంది. నాకు సంతోషంగానే ఉండేది. పొద్దున్నే లేచి వండి, అమ్మ జుట్టు దువ్వి జడ వేసి, కుర్చీ కిటికీ దగ్గరికి జరిపి, ఆఫీసుకి వెళ్లేదాన్ని. నాన్న పోయాక నన్ను ఆ రెండు చేతులతోనే చదివించింది. ఇప్పుడైనా ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోనీ అనుకునేదాన్ని.

అలా ఐదు నెలలు గడిచాయి. నొప్పి ఎప్పుడో తగ్గింది. కాగితం మాత్రం తలుపు మీద అలాగే ఉంది, కాబట్టి నేనూ అలాగే ఉన్నాను. అమ్మ నడిచేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. వయసు కదా అనుకున్నాను. అరవై ఇంకా నిండనేలేదని నాకు అప్పుడు తట్టలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కాళ్లు చాపుకుని, వీపు మంచానికి ఆనించి, తీరిగ్గా ఉన్నట్టు.

"ఏంటమ్మా, కింద కూర్చున్నావ్?"

"ఏం లేదు. చల్లగా ఉందని."

చేతిలో ఒక బొత్తాం ఉంది. పొద్దున నా చొక్కాది ఊడి మంచం కిందికి దొర్లితే, తీద్దామని దిగిందట. దిగడం అయింది, లేవడం కాలేదు.

"ఎప్పుడు దిగావు?"

"ఇందాకే."

బల్ల మీద మధ్యాహ్నానికి నేను పెట్టిన పళ్లెం మూత తియ్యకుండా అలాగే ఉంది. నేను పళ్లెం వంక చూడటం చూసి అమ్మ తల తిప్పుకుంది. చంకల కింద చేతులు వేసి లేపాను. పొద్దస్తమానం తడి దుప్పట్లు ఎత్తిన మనిషి, లేస్తూ నా భుజం ఎలా పట్టుకుందంటే గోళ్లు దిగిపోయాయి.

పెద్దమ్మ అదే వారంలో వార్త మోసుకొచ్చింది. లాండ్రీ సూపర్‌వైజరు అమ్మ చోటు ఖాళీగానే ఉంచాడు గానీ, ఇంక తొమ్మిది వారాలే ఆగుతాడట. ఆ లోపల వచ్చి, ఎవరూ పట్టుకోకుండా ఇరవై రెండు మెట్లూ ఎక్కి చూపిస్తే చోటు అమ్మదే. లేదంటే వేరే పేరు రాసుకుంటాడు.

"మంచివాడేలే. 'మళ్లీ పడితే రిపోర్టు రాయాల్సింది నేను కదమ్మా' అన్నాడు. అదీ నిజమే కదా. నాకు మాత్రం ఆ కొత్త పిల్లతో చావొచ్చి పడింది. నేను 'రా' అంటే నిలబడుతుంది, నిలబడమంటే వస్తుంది. ఒక్క దుప్పటికీ కొసలు కలవవు."

పెద్దమ్మ వెళ్లాక అమ్మ మెల్లగా అంది. "మెట్లు ఎక్కొద్దని కదా కాగితంలో ఉంది?"

"అవునమ్మా."

"అయితే వేరే పేరు రాసుకోమను." అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంకా పొద్దు కూడా గుంకలేదు.

మర్నాడు సెలవు పెట్టి అమ్మని ఆస్పత్రిలో వ్యాయామాల గదికి తీసుకెళ్లాను. అక్కడి మేడమ్‌కి అరవై దగ్గర పడి ఉంటాయి. మా వివరాలు రాసుకుంటున్నంతసేపూ ఒంటికాలి మీద నిలబడే ఉంది. పేజీ తిప్పినప్పుడు కాలు మార్చింది. అమ్మ నోరు తెరుచుకుని ఆ కాళ్ల వంకే చూస్తోంది.

"ఈ ఐదు నెలలూ ఇంట్లో ఏం పని చేశారు?" అని అడిగింది మేడమ్.

"నన్నేం చెయ్యనివ్వదండీ మా అమ్మాయి" అంది అమ్మ గర్వంగా.

"టీ ఎవరు పెడతారు?"

"మా అమ్మాయే."

"బట్టలు ఆరెయ్యడం?"

"అదీ అమ్మాయే."

"జడ?"

అమ్మ నా వంక చూసింది. మేడమ్ కూడా నా వంక తిరిగింది. "అయితే వ్యాయామం బాగానే అయింది, మీ అమ్మాయికి."

తర్వాత అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవమంది. అమ్మ ఒకసారి ఊగింది, రెండోసారి ఊగింది. మూడోసారి కూడా లేవలేక నవ్వేసింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదండీ. బలమే లేదు. ఇవి నా కాళ్లే కానట్టున్నాయి."

"మోకాలు ఎప్పుడో మానిపోయిందమ్మా. మానాక దాన్ని వాడలేదు, అంతే. మన వయసు ఆడవాళ్లకి కండ వాడితేనే ఉంటుంది. ఊరికే ఉంచితే చెప్పకుండా వెళ్లిపోతుంది. అయితే మళ్లీ పిలిస్తే వస్తుంది, ఏ వయసులోనైనా. తొందరపెట్టకూడదు, మానకూడదు." అని నన్ను అడిగింది. "ఆ రోజు కాగితం ఇచ్చారు కదా? అందులో వెనకవైపు అన్నీ ఉంటాయే. చెయ్యలేదా?"

"వెనకవైపా?"

"రెండు వారాల తర్వాత ఏమేం చెయ్యాలో వెనకే కదా ఉండేది. ఏం చేశారు దాన్ని?"

"అతికించామండీ" అన్నాను.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా వెళ్లి కాగితం అంచు గోటితో గీకాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లాగకు, చిరుగుతుంది. గంజిని నానబెట్టాలి. తువ్వాలు వేణ్ణీళ్లలో ముంచి పట్టుకురా."

ఈ ఐదు నెలల్లో అమ్మ నాకు పని చెప్పడం అదే మొదలు. తువ్వాలు తెచ్చాను. తలుపు మీద పరిచి, రెండు అరచేతులతో అదిమి పట్టుకుని నిలబడింది. చేతులు భుజాల ఎత్తుకి వచ్చేసరికి వణికాయి. "నేను పడతానమ్మా" అన్నాను. "ఇది నా పని, నువ్వు జరుగు" అంది. పావుగంట గడిచాక ఒక మూల నుంచి ఉల్లిపొర తీసినట్టు తీసింది. అక్షరం చెదరలేదు.

వెనకవైపు పైన "రెండు వారాల తర్వాత" అని ఉంది. కిందంతా బొమ్మలే. కుర్చీలోంచి లేస్తున్న ఆడమనిషి. బల్ల పట్టుకుని మునివేళ్ల మీద నిలబడిన ఆడమనిషి. గోడ మీద చేతులు పైకి పాకిస్తున్నామె. మెట్లెక్కుతున్నామె. ఒక్కో బొమ్మ పక్కనా ఎన్నిసార్లో చెప్పే చుక్కలు.

అమ్మ ఆ తడి కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని, ఒక్కో బొమ్మనీ వేలితో తడుముతూ చూసింది.

"ఇదైతే నాకే తెలిసేదే" అంది.

ఆ మాట నన్ను నిందించడానికి అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాను. చదువురాని వాళ్ల కోసం ఎవరో ఓపిగ్గా వేసిన బొమ్మల్ని, చదువుకున్న నేను తలుపు వైపు తిప్పి అతికించేశాను. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఎందుకమ్మా నాకు చెప్పలేదు? బలం పోతోందని ఒక్కసారైనా చెప్పాలి కదా!"

"కాగితంలో ఉందన్నావు. రాసిపెట్టినదాన్ని కాదనడానికి నేనెంతదాన్ని?" అని నా తల మీద తడి చెయ్యి వేసింది. "వెనక్కి తిప్పి చూడవే అని నేను మాత్రం అడిగానా? గంజి కాచి ఇచ్చింది నేనే కదా. లే ముందు. నేల మీద కూర్చోవద్దని రాసుంది."

ఏడుస్తూనే నవ్వాను. ఆ కాగితాన్ని తీగ మీద ఆరేసింది అమ్మ. ఈసారి గంజి వద్దంది. "ఒక్క పిన్ను కొట్టు. తిప్పి చూసుకోవచ్చు."

ఆ రాత్రికే చెప్పుల స్టూలు పోయింది. మిగతావి మేడమ్ చెప్పినట్టు ఒక్కొక్కటిగా వెనక్కి వెళ్లాయి. మొదటి వారం టీపొడి భుజం ఎత్తులో ఉన్న అరకి. అది సులువుగా అందాక చక్కెర ఇంకో అర పైకి. గిన్నెలు పొయ్యి కిందికి. ప్రతి వారం ఏదో ఒకటి అమ్మకి దూరంగా పెట్టడం నా బాధ్యత అయింది. తల్లికి వస్తువులు అందకుండా చేసే కూతుర్ని ఈ లోకంలో నేనే అయివుంటాను. పక్కింటావిడ చూసి బుగ్గలు నొక్కుకుంది.

వ్యాయామాల్లో అమ్మకి కుర్చీదంటే ఒళ్లు మంట. మొదట కుర్చీలో రెండు దిళ్లు వేసి ఎత్తు చేశాం. పది రోజులకి ఒక దిండు తీశాం.

"ఎన్నిసార్లే?"

"పది."

"ఎనిమిది కాలేదా ఇందాక?"

"ఆరమ్మా."

"డిగ్రీలో లెక్కలు తక్కువ నేర్పినట్టున్నారు" అని విసుక్కుంటూ మళ్లీ లేచేది.

అన్నిటికంటే కష్టం నాకు వచ్చింది. అమ్మ లేవబోతే నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లేది. చేతిలో చెంబు ఉంటే లాగేసుకునేదాన్ని. మెట్ల దగ్గర మోచెయ్యి పట్టేసేదాన్ని. ఒక రోజు అమ్మకి కోపం వచ్చింది.

"నువ్వు పట్టుకున్నావంటే నా కాలు పని మానేస్తోంది. అది నీలాంటిది కాదు, సెలవు దొరికితే వదలదు."

"నాకు సెలవెక్కడిదమ్మా?"

"అదే చెబుతున్నా. ఇప్పుడు పెట్టు. చేతులు వెనక్కి కట్టుకో."

అప్పటి నుంచి మా అద్దె ఇంటి డాబా మెట్ల దగ్గర అమ్మ ఎక్కుతుంటే, రెండు మెట్లు కింద చేతులు వెనక్కి కట్టుకుని నడిచేదాన్ని. మేడమ్ చెప్పిన సూత్రం అమ్మ తనకి తానే చెప్పుకునేది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. మా మెట్లు పదకొండే. అవి రెండుసార్లు ఎక్కితే లాండ్రీ లెక్క సరిపోతుంది. నాలుగో వారంలో ఒకసారి ఎక్కగలిగింది. ఆరో వారంలో తొందరపడి మూడుసార్లు ఎక్కేసి, మోకాలు వాచి రెండు రోజులు కూర్చుంది. నేను భయంతో కాగితం మొదటివైపుకి తిప్పబోతే, "కూర్చున్నది రెండు రోజులే, ఐదు నెలలు కాదు. పిన్ను ముట్టుకోకు" అంది.

ఆదివారాలు పెద్దమ్మ ఒక పాత దుప్పటి తెచ్చేది. కుర్చీలు పక్కకి జరిపి ఇద్దరూ గదిలో నిలబడేవారు. మొదట్లో అమ్మ చేతులు గడ్డం దాకే లేచేవి. దులిపితే చప్పుడు రాదు, ఉస్సుమని గాలి వచ్చేది.

"దుప్పటి దులపమంటే నిట్టూరుస్తావేంటే?" అనేది పెద్దమ్మ.

"నీ వైపే వదులుగా పట్టుకున్నావు."

"ఇరవై నాలుగేళ్ల తర్వాత తెలిసిందా నా పట్టు?"

తొమ్మిదో వారం ఆఖరి రోజు పొద్దున్నే లాండ్రీకి వెళ్లాం. అమ్మ జడ తనే వేసుకుంది. కొంచెం వంకరగా ఉంది, నేను సరిచెయ్యలేదు. మెట్ల మొదట్లో సూపర్‌వైజరు, పైన డాబా గుమ్మంలో పెద్దమ్మ, నేను కింద. సూపర్‌వైజరు బట్టల క్లిప్పుల సంచి అమ్మ చేతికిచ్చాడు.

"నిదానంగా ఎక్కండమ్మా. మధ్యలో ఆగినా పరవాలేదు. ఎవరూ పట్టుకోకూడదు, అంతే."

అమ్మ సంచి భుజానికి తగిలించుకుని, ఒక చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది. బాగున్న కాలు, దాని పక్కకి రెండోది. పదకొండో మెట్టు దాకా మా ఇంటి మెట్లు ఎక్కినట్టే ఎక్కింది. పదిహేనో మెట్టు మీద ఆగిపోయింది.

కమ్మీ మీద చెయ్యి తెల్లగా బిగుసుకుంది. కుడి మోకాలు సన్నగా వణకడం కింద నుంచే కనిపిస్తోంది. నేను క్షణాలు లెక్కపెట్టాను. పది, పదిహేను, ఇరవై. అమ్మ కదల్లేదు. నా కాలు మొదటి మెట్టు మీద పడింది.

"నువ్వు అక్కడే ఉండు" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండానే.

కాలు కిందికి దించాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

పై నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఏమే, అక్కడే కాపురం పెట్టేస్తావా? ఇక్కడ రెండు వందలున్నాయి."

"ఊపిరి తీసుకోనియ్యవే, రాక్షసీ" అంది అమ్మ. అని ఊపిరి తీసుకుంది. బాగున్న కాలు ఎత్తి పదహారో మెట్టు మీద పెట్టింది.

ఆ తర్వాత నేను మెట్లు లెక్కపెట్టడం మరిచిపోయాను. గుమ్మంలో ఎండలోకి వెళ్లి అమ్మ వీపు మాయమయ్యాక గానీ, ఇరవై రెండూ అయిపోయాయని తెలియలేదు. సూపర్‌వైజరు జేబులోంచి పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. తల ఎత్తకుండానే "ఈ నెలంతా సగం పూటే చెయ్యమనండి. దిగేటప్పుడు కమ్మీ వదలొద్దనండి" అని వెళ్లిపోయాడు.

నాకు ఆఫీసుకి వేళ మించిపోతోంది. ఉద్యోగంలో చేరాక ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు. అయినా అక్కడే నిలబడ్డాను, చేతులు ఇంకా వెనకే కట్టుకుని.

పైన అడుగుల చప్పుడు. తీగ కిర్రుమంది. తర్వాత పెద్దమ్మ గొంతు.

"పట్టు."

దుప్పటి సర్రుమని విచ్చుకుంది.

"దులుపు" అంది అమ్మ.

టప్పుమంది.

"కొస సరిగ్గా పట్టవే, కూర్చుని కూర్చుని మరిచిపోయావు!"

"నీ కొసే వంకర. ఆ కొత్త పిల్ల నిన్ను పాడుచేసింది. రా."

వాళ్లు దగ్గరికి నడిచిన అడుగులు రేకుల షెడ్డులో స్పష్టంగా వినిపించాయి. అమ్మది ఒకటి గట్టిగా, ఒకటి నెమ్మదిగా. మళ్లీ వెనక్కి నడిచాయి. అప్పుడు చేతులు విప్పుకుని బస్సు కోసం పరిగెత్తాను.